మేజోడు పట్టిన చోట

మేజోడు కాళ్ళకు తొడుక్కునేదని వదినకు తెలియక కాదు. తెలిసే ఆరేళ్ళుగా రోజూ ఉదయం ఎనిమిది గంటలకు దాన్ని ఎడమచేతికి తొడుక్కుంటోంది. ఉల్లిపొరలాంటి నైలాన్ మేజోడు. అది తొడిగిన చేతిలోంచి గాలపు కర్రను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పుతూ లాగితే, దాని మీద ఎక్కడైనా వెంట్రుకలో సగం లావు నార లేచి ఉన్నా సరే, మేజోడు అక్కడ చటుక్కున పట్టుకుంటుంది. కంటికి ఆనని తప్పు చేతికి ఆనుతుంది. ఆమె ఉద్యోగమే అది, తప్పులు పట్టడం.

"తప్పులు పట్టినందుకు జీతమిచ్చే చోటొకటి ఉందని ముందే తెలిస్తే మా అమ్మను చేర్పించేవాణ్ణి. ఈపాటికి మేనేజరయ్యేది" అంటాడు ఆమె భర్త. వాళ్ళమ్మ వంటింట్లో ఉన్నప్పుడు మాత్రమే, అదీ గొంతు తగ్గించి.

కర్ర అనడం అలవాటుకొద్దీ గానీ అందులో కర్ర ఏమీ లేదు. కార్బన్ నారతో నేసిన నల్లటి గుడ్డను ఇనుప కమ్మీ చుట్టూ బిగించి చుట్టి, పొయ్యిలో కాల్చి, కమ్మీ లాగేస్తే మిగిలే బోలు గొట్టం. పిడి, దారం దూరే రింగులు, రంగు ఏవీ లేని ఆ ఉత్త గొట్టాన్ని కార్ఖానాలో బ్లాంకు అంటారు. పొయ్యిలోంచి వచ్చినప్పుడు దాని ఒళ్ళంతా గాట్లు గాట్లుగా గరుకుగా ఉంటుంది. దాన్ని నీళ్ళలో తడిపిన ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసేవాళ్ళు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. లావుపాటి మొదలు ముక్కలు రుద్దేది అందరూ పెద్దమ్మ అని పిలిచే పెద్దావిడ. పుల్లల్లాంటి సన్నటి కొస ముక్కలు రుద్దేది వదినకు సొంత ఆడపడుచు.

ఆ పిల్ల పనిలో చేరిన రోజున హాలు ఈ మూల నుంచి ఆ మూలకు "వదినా!" అని ఒక్క కేక వేసింది. అంతే, మర్నాటికల్లా కార్ఖానా మొత్తానికీ ఆమె వదిన అయి కూర్చుంది. ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్దదైన పెద్దమ్మ కూడా "ఏమ్మా వదినా" అనే పిలుస్తుంది. ఒక్క ఆడపడుచుతోనే వేగలేక అత్తగారికి చెప్పుకునే రోజుల్లో దేవుడు ఆమెకు నలభైమందిని టోకున ఇచ్చాడు.

ఆ నలభైమందికీ ఉమ్మడి శత్రువు గోడ మీద ఉంటుంది. పచ్చటి బోర్డు. "ప్రమాదం లేని రోజులు" అని తెల్లటి అక్షరాలు, కింద అంకెల పలకలు. సోమవారం పొద్దున్న అక్కడ తొంభై నాలుగు ఉంది. వంద నిండితే పెద్ద ఆఫీసు నుంచి మనుషులు వస్తారు, ఫొటో తీస్తారు, ఒక్కొక్కరికి ఒక గోడ గడియారం ఇస్తారు. వందో రోజు ఆదివారం పడింది. కార్ఖానాకు తాళం వేసి ఉన్న రోజున ప్రమాదం జరగకపోవడం కూడా లెక్కేనా అని ఎవరో అడిగితే, "అదే కదమ్మా అసలైన భద్రత" అన్నాడు సూపర్‌వైజరు. ప్రమాదాలు సున్నా, వృథా సున్నా, ఆలస్యం సున్నా అని రోజుకు పదిసార్లు అనే ఆ మనిషిని అందరూ వెనక సున్నాగారు అంటారు. ముందు సార్ అంటారు.

దెబ్బలు తగలడం మాత్రం ఆగలేదు. కార్బన్ నార తెగిన చోట సూదికంటే సన్నటి పేడు లేస్తుంది. నల్లగా, పెళుసుగా ఉంటుంది. గుచ్చుకుంటే దిగేవరకూ తెలియదు, లాగితే సగంలో విరుగుతుంది. అందరికీ రబ్బరు తొడుగులు ఇచ్చారు. వాటితో కొస ముక్కను పట్టుకుంటే సబ్బుముక్కలా జారిపోతుంది, అందుకని అవి ఎవరైనా చూడవచ్చినప్పుడు తొడుక్కోవడానికి మేకులకు శుభ్రంగా వేలాడుతుంటాయి. పేడు గుచ్చుకుంటే గేటు దగ్గర మందుపెట్టె తాత దగ్గరికి వెళ్ళి దెబ్బల పుస్తకంలో రాయించుకోవాలి. రాయిస్తే బోర్డు సున్నాకు పడుతుంది. కాబట్టి తొంభై నాలుగు రోజులుగా ఆడవాళ్ళంతా స్నానాల గదిలో ఒకరి వేళ్ళకు ఒకరు జిగురు పూసుకుని, ఆరాక పొరలా లాగి, వచ్చినంత పేడు తీసుకుంటున్నారు. తాత పుస్తకం తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు. దెబ్బ తగలడం నిషేధం కాదు, తగిలిందని చెప్పడమే నిషేధం.

సోమవారం పదింటికి పెద్దమ్మ రుద్దిన మొదలు ముక్క ఒకటి వదిన చేతికి వచ్చింది. దీపం కింద వాల్చి చూసింది, గీత లేదు. మేజోడులోంచి లాగింది, పట్టు లేదు. మేజోడు తీసేసి పెన్సిల్‌తో వరసగా తట్టుకుంటూ పోయింది. టింగు, టింగు, టింగు, ఒక్క చోట టప్పు. మళ్ళీ తట్టింది. టప్పే. లోపల పొర విడిపోయి ఉంటుంది. తేల్చుకుందామని ఒక కొసను నేల మీది కంబళి ముక్కకు ఆనించి, ఒంటి బరువంతా మోపి వంచింది. బ్లాంకు ఫట్టుమని విరిగింది. ఆమె ఎడమచేయి అలవాటుగా ఆ విరిగిన చోటే పట్టుకుంది.

"అమ్మా!" అంది.

హాలు మొత్తం ఆమె వైపు తిరిగింది. తర్వాత బోర్డు వైపు తిరిగింది.

"ఏం కాలేదు. ఉలిక్కిపడ్డానంతే" అంది వదిన, చూపుడువేలు పిడికిట్లో దాచుకుంటూ.

"అమ్మయ్య" అంది పెద్దమ్మ. "గడియారానికని మా ఇంట్లో గోడకు మేకు కూడా కొట్టించాను తల్లీ."

భోజనాల వేళ స్నానాల గదిలో జిగురు పూసుకుని లాగితే నల్లటి ముక్క ఒకటి వచ్చింది. నూలు పోగంత ఉంది. వచ్చిందంతే గదా అనుకుంది వదిన. ఆరేళ్ళ పనిలో కాయ కాచిన వేలు, నొప్పి కూడా పెద్దగా లేదు. చేయి కడుక్కుని వచ్చి మళ్ళీ మేజోడు తొడుక్కుంది.

*

మంగళవారం కొస ముక్కలకు గ్రహచారం మొదలైంది.

మొదటిది పట్టింది. పొరబాటేమోనని మళ్ళీ లాగింది. ఈసారి జానెడు అవతల పట్టింది. రెండోది బాగానే వెళ్ళి చివరికి వచ్చాక పట్టింది. మేజోడు దారం ఒకటి పైకి లేచి ఉంగరంలా నిలబడింది కూడా. దీపం కింద పెట్టి చూస్తే ఏమీ లేదు. కనబడకపోవడం కొత్తేమీ కాదు. పట్టిన చోట సుద్దముక్కతో సున్నా చుట్టి, సాయంత్రం ఎర్ర బీరువాలోకి వెళ్ళేవాటిలో పెట్టింది. పెద్దమ్మ మొదళ్ళు మాత్రం నూనె రాసినట్టు జారిపోతున్నాయి. సాయంత్రానికి కొసలు పదకొండు పోయాయి.

ఆడపడుచు వచ్చి బల్ల మీద రెండు చేతులూ పెట్టి వంగింది. "వదినా, పదకొండేమిటి? నేను నెలకు రెండు పోగొట్టేదాన్ని కాదు."

"మేజోడు పడుతోందే. నేనేం చేయను?"

"ఏదీ, చూపించు."

వదిన ఒక బ్లాంకు తీసి సుద్ద గుర్తు చూపించింది. ఆడపడుచు దాన్ని కంటికి ఆనించుకుంది, గోటితో గీసింది, చెంపకు రాసుకుంది. "నాకేం తగలలేదు."

"చెంపకు తగిలేదాకా ఉంటే కొన్నవాడి చేతికి తగులుతుంది. మళ్ళీ రుద్దు."

"లేని ముల్లు కోసం రుద్దితే ఉన్న గొట్టం గోడ పలచనవుతుంది. రుద్దిన ప్రతిసారీ ఒక పొర పోతుంది, నీకు తెలియదా?"

"నాకు తెలుసు కాబట్టే ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టారు."

ఆ మాట అనకుండా ఉండవలసింది. ఆడపడుచు అయిదు బ్లాంకులు తీసుకుని వెళ్ళి, సుద్ద గుర్తులున్న చోట్ల కసిగా రుద్దింది. తెచ్చి బల్ల మీద పడేసింది. వదిన లాగింది. అయిదూ పట్టాయి. అయిదూ మిగతావాటితో పాటు ఎర్ర బీరువాలోకి వెళ్ళాయి.

బుధవారం పద్నాలుగు.

ఎర్ర బీరువాకు సున్నాగారి తాళం, రోజూ సాయంత్రం తానే తీసి వేస్తాడు. అందులోకి వెళ్ళినవి శనివారం నాడు రంపం కింద రెండు ముక్కలవుతాయి, ఎవరూ దొంగచాటుగా అమ్ముకోకుండా. శుక్రవారం సాయంత్రం వదిన ఒక పట్టీ నింపి ఇవ్వాలి. అందులో మూడు నిలువు వరసలు: బ్లాంకు నంబరు, తప్పేమిటి, తప్పు ఎవరిది. మూడో వరసలో రుద్దినవాళ్ళ నంబరు వేస్తారు. ఒకే నంబరు ముప్పైసార్లు పడితే ఆ మనిషి సోమవారం నుంచి వెనక షెడ్డులో ప్యాకింగ్‌కు వెళ్ళాలి. రుద్దే బల్ల మూడున్నరకు వదిలేస్తుంది. ప్యాకింగ్ ఆరున్నరకు. ఆడపడుచు కూతురు ఒకటో తరగతి. నాలుగింటికి బడి గేటు దగ్గర నిలబడి, తల్లి కనిపించేదాకా సంచీ దించదు.

ఈ సంగతి వదినకు గుర్తు చేయవలసిన పని లేదు. అయినా రోజంతా ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉన్నారు.

"ఇంట్లో ఏదైనా మాటా మాటా అనుకున్నారేమిటమ్మా?" అని పెద్దమ్మ మెల్లగా అడిగింది.

"ఏమీ అనుకోలేదు."

"అనుకుంటే అనుకున్నారు గానీ, దాన్ని ఇక్కడికి తీసుకురాకు. ఇంటి మాట ఇంట్లో ఉండాలి."

"పెద్దమ్మా, తప్పు పట్టేది నేను కాదు, మేజోడు."

"అవును తల్లీ. మేజోడుకు ఆడపడుచులేమన్నా ఉన్నారా, పాపం."

రంగులు వేసే ముగ్గురూ పకపకా నవ్వారు. వదినకు ఒళ్ళు మండిపోయింది. బంధువని ఒక్క బ్లాంకు వదిలేస్తే, బంధువని వదిలేసిందంటారు. వదలకపోతే, బంధువని పట్టుకుందంటారు. లోకులు పలుగాకులు అని ఊరికే అనలేదు. బుధవారం సాయంత్రం బస్సులో ఆడపడుచు రోజూ కూర్చునే సీటులో కాకుండా డ్రైవరు వెనక నిలబడి వెళ్ళింది. నిలబడటానికి చోటు లేకపోయినా నిలబడింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఇంకా ఘోరం జరిగింది. ఆడపడుచు తిన్నగా వచ్చి, "ఆ మేజోడు ఒకసారి ఇలా ఇవ్వు" అని లాక్కుని, తన చేతికి తొడుక్కుని, సుద్ద గుర్తులున్న నాలుగు బ్లాంకులు నలుగురూ చూస్తుండగా లాగింది. ఒక్కటీ పట్టలేదు.

"చూశారా!" అంది అందరి వైపూ తిరిగి.

"చేయి అలవాటుండాలి" అంది వదిన. "రోజూ చేసే పని వేరు, పంతానికి చేసే పని వేరు. నువ్వు మరీ వదులుగా పట్టుకున్నావు."

"సరే. నా కూతురితో కూడా అదే చెబుతాను. మీ అత్తయ్య చేయి అలవాటున్న చేయి, అందుకే నువ్వు ఆరున్నరదాకా బడి మెట్ల మీద కూర్చోవాలి అని."

మేజోడు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. విసరలేదు, పెట్టింది. విసిరి ఉంటే వదినకు కాస్త హాయిగా ఉండేది.

*

మేజోడును రోజూ సాయంత్రం ఇంటికి తెచ్చి గోరువెచ్చటి నీళ్ళలో ఉతుక్కోవడం వదిన అలవాటు. కార్ఖానా సబ్బు పెడితే బిరుసెక్కుతుంది. గురువారం సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆమెకంటే ముందు వార్త చేరింది. అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అలా కూర్చుందంటే కూతురు వచ్చి వెళ్ళిందన్నమాట.

"ఏమ్మా, ఇవాళ ఎన్ని?" అంది అత్తగారు.

"పదమూడు."

"అంటే మొత్తం ముప్పై ఎనిమిది."

"మీకు లెక్కలు బాగా వచ్చు అత్తయ్యా."

"నాకు లెక్కలు రావు. నా మోకాళ్ళకు మాత్రం బడిదాకా నడక రాదు. అది కనుక ప్యాకింగ్‌కు వెళితే పిల్లని ఎవరు తెస్తారో నువ్వే చెప్పు."

భర్త చొక్కా మడతపెడుతున్నాడు. ఇలాంటప్పుడు అతను ఎన్ని చొక్కాలైనా మడతపెడతాడు. "పోనీ ఓ పది వదిలేయకూడదూ?" అన్నాడు చొక్కాతోనే.

వదినకు మూడు రోజుల విసుగు ఒక్కసారిగా నెత్తికెక్కింది. "వదిలేయడానికి అవేమన్నా కాకరకాయలా, కాస్త చేదున్నా తినేస్తారనుకోవడానికి? లేచిన నార మీద రంగు వేస్తే రంగు పగులుతుంది. పగులులోకి నీళ్ళు పోతాయి. చేప లాగగానే అక్కడే విరుగుతుంది. విరిగి ఎవడి అరచేతిలోనో దిగుతుంది. నా పనేమిటో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఇటు చూడండి!"

సంచీలోంచి మేజోడు తీసి తొడుక్కుంది. వంటింట్లోకి వెళ్ళి పొడుగు కాడ గరిటె ఒకటి తెచ్చింది. స్టీలు కాడ, అద్దంలా మెరుస్తోంది.

"ఇదిగో, ఇది నున్నటి వస్తువు. ఏ తప్పూ లేదు. ఇలా పట్టుకుంటాం. లావుదయితే పిడికిట్లో, సన్నదయితే రెండు వేళ్ళ మధ్య. మెల్లగా తిప్పుతూ ఇలా లాగుతాం. తప్పు లేని చోట మేజోడు ఎక్కడా..."

పట్టింది.

వదిన ఆగింది. అత్తగారు ముందుకు వంగింది.

"అది నా పెళ్ళినాటి గరిటె" అంది అత్తగారు. "దాంట్లో కూడా తప్పు పట్టావా?"

వదిన ఇంకోసారి లాగింది. ఈసారి బెత్తెడు ఇవతల పట్టింది. మూడోసారి పట్టలేదు. నాలుగోసారి చూపుడువేలు కాస్త నొక్కి లాగింది. పట్టింది. దారం లేచి ఉంగరం కట్టింది. ఉంగరం గరిటె వైపు లేదు. వేలి వైపు నుంచి లేచింది.

మేజోడు తీసేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వేలిని వెలుతురుకు పెట్టి చూసింది. కాయకాచిన చర్మం, గీతలు, ఇంకేమీ లేదు. అప్పుడు రుద్దే బల్ల ఆడవాళ్ళందరికీ తెలిసిన పని చేసింది. వేలికొనను కింది పెదవికి ఆనించి పక్కకు జరిపింది. పెదవి చురుక్కుమంది.

సోమవారం వేల్లో దిగిన పేడులో సగమే బయటికి వచ్చింది. మిగతా సగాన్ని చర్మం రోజుకింత పైకి తోస్తూ వచ్చింది. ఆ వేలితో ఆమె మూడు రోజులుగా కొస ముక్కలను పట్టుకుంది. పెద్దమ్మ మొదళ్ళు పిడికిట్లోంచి వెళ్ళాయి కాబట్టి వాటికి వేలికొన తగలలేదు. ఎవరో విప్పి ముందు పరిచినట్టు అంతా కనబడింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"తప్పు దొరికింది."

సంగతంతా విన్నాక అత్తగారు గరిటె అందుకుని కొంగుతో తుడిచింది. భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆ ముల్లేదో ఇప్పుడే తీసేసుకో. రేపటి నుంచి అన్నీ బాగానే వెళతాయి. ఎవరికి తెలుస్తుంది?"

"ముప్పై ఎనిమిదీ ఎర్ర బీరువాలో ఉన్నాయి. తాళం తీయాలంటే కారణం రాయాలి. రాయకపోతే శనివారం రంపం, సోమవారం ప్యాకింగ్."

"రాస్తే?"

"బోర్డు సున్నా. రేపటికి తొంభై ఎనిమిది."

భర్త తల గోక్కున్నాడు. "గడియారం సంగతి పక్కింటాయనకు కూడా చెప్పేశానే" అన్నాడు.

*

శుక్రవారం ఎనిమిదింటికి సున్నాగారి గదికి వెళ్ళి నిలబడింది. ఆయన సోమవారం ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడాలో కాగితం మీద చుక్కలు పెట్టుకుంటున్నాడు.

"సార్, ఎర్ర బీరువా తాళం కావాలి. ఆ బ్లాంకులు మంచివే. చెడ్డది నా వేలు."

వేలు చూపించింది. సున్నాగారు వేలు చూడకుండా లేచి వెళ్ళి తలుపు వేశాడు.

"ఎప్పుడు?"

"సోమవారం."

"సోమవారంది ఇవాళ చెప్పడమేమిటమ్మా? పాతబడిపోయింది కదా."

"పాతదే సార్. లోపల ఉంది గానీ."

"చూడండి." ఆయన గొంతు తేనెలో ముంచినట్టయింది. "బ్లాంకులు ఎన్ని? ముప్పై ఎనిమిది. పోతే పోనీండి. మీ ఆడపడుచును ఒక్క నెల, ఒక్కటే నెల, ప్యాకింగ్‌లో ఉంచి మళ్ళీ తెచ్చేద్దాం. మీరు వేలికి ఇంట్లో ఏదైనా పూసుకోండి. రెండు రోజుల్లో వంద. ఇంతమంది కష్టం ఒక వేలి కోసం పాడుచేస్తామా?"

"ఆ అమ్మాయిది తప్పు కాదు సార్."

"తప్పని ఎవరన్నారు? పట్టీలో మాత్రం ఎవరో ఒకరి నంబరు వేయాలి కదా."

వదిన ఆయన ముఖం వైపు చూసింది. మనిషి చెడ్డవాడేమీ కాదు. పేడు గుచ్చుకున్నవాళ్ళకు తన డబ్బాలోని పసుపు రంగు మలాము రహస్యంగా ఇస్తాడు. ఆ రహస్యంగా ఇవ్వడమే ఆమెకు ఇప్పుడు ఎక్కడలేని చిరాకు తెప్పించింది.

"దెబ్బల పుస్తకంలో రాయించుకుని వస్తాను సార్. అప్పుడు తాళం ఇవ్వండి" అని తలుపు తీసింది.

తాతను లేపి పుస్తకం అడిగితే ఆయన భయపడ్డాడు. "ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదు తాతా. వేల్లో పేడు."

"ఓస్, పేడా! దానికి పుస్తకమెందుకు?" అంటూనే వెతికి పేజీ తీశాడు. కలం వెతకడానికి ఇంకో పావుగంట పట్టింది. దొరికిన కలంలో సిరా ఎండిపోయి ఉంది. వదిన తన పెన్సిల్ ఇచ్చింది.

తొమ్మిదిన్నరకు సున్నాగారు స్టూలెక్కి తొమ్మిదిని, ఎనిమిదిని తీసి, సున్నాను తగిలించాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేకపోయింది. వదిన చూపుడువేలికి తాత కట్టిన కట్టు హాలు ఆ చివరికి కూడా కనబడేలా ఉంది.

పెద్దమ్మ, "మేకు కొట్టించాను" అంది, ఎవరితోనూ కాకుండా.

"రెండు రోజులు ఓపిక పడితే ఏం పోయేది వదినా?" అన్నాడు పొయ్యి దగ్గరతను.

"ఆవిడకు ఇంట్లో గడియారం ఉందేమో" అంది రంగులావిడ.

వదిన తిన్నగా ఆడపడుచు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. నీళ్ళు కారుతున్న ఉప్పుకాగితం బ్లాంకు మీద ముందుకూ వెనక్కూ పోతోంది.

"తప్పు నాదేనే. నీ బ్లాంకులు కాదు, నా వేలు పట్టింది. నిన్న సాయంత్రం తెలిసింది."

ఉప్పుకాగితం ఆగింది. వదిన ఏ మాటకైనా సిద్ధపడే వచ్చింది. కాస్త మెత్తటి మాట వస్తుందేమోనని కూడా మనసులో ఎక్కడో ఉంది. నూటికి తొంభై ఎనిమిది రోజులు పోగొట్టుకుని వచ్చింది మరి.

"నిన్న తెలిసిందా?" ఆడపడుచు తల ఎత్తింది. "నిన్న సాయంత్రమే తెలిస్తే, రెండు వీధుల అవతల ఉన్నాను కదా, వచ్చి చెప్పడానికి కాళ్ళు లేవా? పొద్దుట పిల్లకు ఏమని చెప్పి వచ్చానో తెలుసా? సోమవారం నుంచి ఏడవకుండా కూర్చోవాలని ఒట్టు వేయించుకుని వచ్చాను. నీ వేల్లో ముల్లు పెట్టుకుని మూడు రోజులు నా పనిలో వెతికావు వదినా. నలుగురిలో నాకు చేయి అలవాటు లేదన్నావు."

"అన్నాను."

"అన్నావు కదా!"

"అన్నానే. అనకూడదు. అన్నాను."

ఆడపడుచు బ్లాంకును నీళ్ళ తొట్టిలో ముంచింది. వదిన అక్కడే నిలబడింది. కాసేపటికి, "అక్కడ నిలబడకు, వెలుతురు పోతోంది" అన్న మాట వినబడింది. ఆమె పక్కకు జరిగింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ ఊహించని సంగతి జరిగింది. పెద్దమ్మ చేయి తుడుచుకుంటూ గేటు వైపు నడిచింది. అరచేతి మొదట్లో ఇరవై రోజుల కిందట దిగిన పేడు ఉంది, చలిపొద్దున్న సలుపుతోందట, ఎలాగూ సున్నా పడింది కదా, రాయించుకుని తీయించుకుంటానంది. ఆమె వెనక రంగులావిడ లేచింది. పొయ్యి దగ్గరతను చొక్కా చేయి పైకి మడిచి మోచేతి దగ్గర చూసుకుంటూ బయలుదేరాడు. త్యాగాలు ఎవరూ చేయలేదు, వదినను సమర్థిద్దామనీ ఎవరికీ లేదు. ఎదురుగా వస్తూ ఆమె ముఖం కూడా చూడలేదు. ఖాళీగా ఉన్నప్పుడే పని చేయించుకోవాలన్న ఇంటి ఆడవాళ్ళ తెలివి, అంతే. రెండున్నరకల్లా గేటు దగ్గర పదకొండుమంది వరసలో ఉన్నారు. తాతకు నిద్ర మొత్తం వదిలిపోయింది. పుస్తకంలో రెండో పేజీ తిప్పాడు.

సున్నాగారు వరస పక్కన నిలబడి, "ఏమిటమ్మా ఇది, ఒకేరోజు పదకొండా!" అన్నాడు.

"సున్నాకంటే కిందికి పోదు కదండీ" అంది పెద్దమ్మ చేయి చాపి.

ఆయన కాసేపు ఆ వరసను చూశాడు. ఎన్ని చేతులు తెరిచి ఉన్నాయో, ఎక్కడెక్కడ నల్లటి చుక్కలున్నాయో బహుశా మొదటిసారిగా చూశాడు. జేబులోంచి ఎర్ర బీరువా తాళంచెవి తీసి వదిన బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ముప్పై ఎనిమిది బ్లాంకులు బల్ల మీదికి వచ్చాయి. వదిన వేలికి కట్టుంది, మేజోడు ఎక్కదు. సంతకం చేయవలసింది ఆమె, లాగవలసింది ఇంకొకరు. కొస ముక్కను పట్టుకోవడం తెలిసిన చేయి ఆ హాలులో ఇంకొక్కటే ఉంది. అది అడిగించుకోకుండానే వచ్చింది, ముఖం మాత్రం అటు పెట్టుకుని. వదిన సంచీలోని కొత్త మేజోడు తీసి తొడుక్కుంది.

ఒకటి. రెండు. మూడు. మేజోడు గాలిలా జారుతోంది. ఒక్కో బ్లాంకునూ వదిన తుడిచి సుద్ద గుర్తు చెరిపి మంచివి పెట్టే పచ్చ బీరువాలో పెడుతోంది. పదహారు. పదిహేడు. ఆడపడుచు చేయి ఆగింది.

వెనక్కి తీసుకుని మళ్ళీ లాగింది. అదే చోట ఆగింది.

"ఇది పట్టింది" అంది.

వదిన వంగి చూసింది. సుద్ద గుర్తు ఉన్న చోటే, చుట్టూ నలుపు కాస్త పాలిపోయి, పొర తెగి నారలు బయటపడి ఉన్నాయి. మంగళవారం ఆమె మళ్ళీ రుద్దమన్న అయిదింటిలో ఇది ఒకటి. మిగతా నాలుగూ కూడా వెతికి తీసింది. ఒక్కొక్కటే లాగారు. నాలుగూ పట్టాయి. ఆ అయిదూ మంగళవారం పొద్దున్న మంచి బ్లాంకులే. ఇప్పుడు నిజంగానే చెడ్డవి.

ఆడపడుచు మేజోడు తీసి మడిచింది. "నేను చెప్పాను" అని అనవచ్చు. హక్కుంది. అనలేదు. గోడ గడియారం వైపు చూసింది. మూడు ఇరవై. "మిగతావన్నీ బాగున్నాయి" అంది. "పిల్ల బడి దగ్గరికి వెళ్ళాలి. పట్టీ రాసెయ్."

వదిన పట్టీ ముందుకు లాక్కుంది. కట్టు కట్టిన వేలు అడ్డం వస్తుంటే కాగితాన్ని మోచేత్తో నొక్కి పట్టుకుంది. మొదటి వరసలో అయిదు బ్లాంకుల నంబర్లు రాసింది. రెండో వరసలో "అనవసరంగా ఎక్కువ రుద్దడం" అని అయిదుసార్లు రాసింది. మూడో వరసలో ఆడపడుచు నంబరు పదిహేడు. పెన్సిల్ కాసేపు ఆ గడి మీద ఆగింది. తర్వాత తొమ్మిది వేసింది. కింద ఇంకో తొమ్మిది. అయిదు తొమ్మిదులు, ఒకదాని కింద ఒకటి, చిన్నపిల్ల ఎక్కం రాసినట్టు.

సంచీ భుజానికి వేసుకుంటున్న ఆడపడుచు వంగి చూసింది.

"అక్కడ రుద్దినవాళ్ళ నంబరే వేయాలి వదినా. నీది వేయకూడదు. సార్ ఒప్పుకోరు."

"తప్పు ఎవరిది అనే కదా ఉంది ఇక్కడ" అంది వదిన సంతకం చేస్తూ. "నువ్వు వెళ్ళు. పిల్ల సంచీ దించకుండా నిలబడి ఉంటుంది."